సముద్రం వైపు కిటికీ

సముద్రం వైపు సీటు ఖాళీగా ఉన్నా
అమ్మమ్మ షిగెనో కొండ వైపే కూర్చుంటుంది.
కురే వెళ్ళే రైలు
నీటి అంచుకి కుట్టు వేసుకుంటూ పోతుంది.
అందరూ ఫోన్లు అద్దానికి ఆనించి పెడతారు.
ఆమె చూపు మాత్రం
రాతిగోడ మీద, నాచు మీద,
సొరంగం చీకటి మీద.

తొమ్మిదేళ్ళప్పుడు పట్టుబడిన అలవాటట.
ఈ వంపు రాగానే కండక్టరు కేకేసేవాడు:
"నీళ్ళ వైపు తెరలు దించండి!"
చేపల బుట్టల ముసలమ్మలు, బడిపిల్లలు,
ఒళ్ళో చంటిబిడ్డతో ఉన్న తల్లి కూడా
టపటపా దించేసేవాళ్ళు.
గోడలకు చెవులుంటాయంటారు గానీ
మా ఊరు ఆ రోజుల్లో
రైలు కిటికీలకూ కళ్ళుంటాయని భయపడింది.

తెరకు అవతల ఒక ఓడ పెరుగుతోంది.
డాక్ చుట్టూ తాటినార తెరలు, పైన రేకుల కప్పు.
రివెట్లు కొట్టే ముత్తాత తొకుజిరోకి
అప్పటికే ఒక చెవి పోయింది.
"నాన్నా, ఏం కడుతున్నారక్కడ?"
"నీళ్ళ తొట్టి."
"ఎవరు స్నానం చేస్తారు?"
రెండో చెవి కూడా పోయినట్టు
అన్నంలోకి ఊరగాయ నంజుకునేవాడు.

నా ఉద్యోగం దీనికి తలకిందులు.
సాయంత్రం పడవ మీద మైకు పట్టుకుని
అప్పుడు దాచినవన్నీ ఇప్పుడు చూపిస్తాను.
అదిగో, ఆ డాక్‌లోనే. పొడవు రెండువందల అరవై మూడు మీటర్లు.
అంతకు చాలా ముందు ఇది వలలు ఆరేసుకునే పల్లె,
నౌకాదళం వచ్చింది, వలలు పక్కకి జరిగాయి.
యుద్ధం పోయాక అదే డాక్‌లో చమురు ఓడలు.
పైన చూడండి, కొండకి నిచ్చెన వేసినట్టు మెట్లు,
మెట్ల పక్కన ఇళ్ళు,
గ్యాస్ బండ మోసేవాడి మోకాళ్ళని అడగాలి ఆ అందం గురించి.
ఇటు జలాంతర్గాములు,
మడుగులో దిగిన గేదెల్లా వీపులు మాత్రం తేల్చి.
వాటిలో ఒకటి గట్టెక్కి
సూపర్ మార్కెట్ ఎదుట ఎండలో పడుకుంది,
లోపలికి వెళ్ళొచ్చు, టికెట్ లేదు.
ఆకలేస్తే ఒక్కో హోటల్లో ఒక్కో ఓడ పేరున కర్రీ,
నడిసముద్రంలో వారం మరిచిన నావికుడికి
ఇవాళ శుక్రవారమని చెప్పేది ఆ వాసనే.
ఇక్కడ జనం నవ్వుతారు.
నేనూ నవ్వుతాను, రోజూ, ఇదే చోట.

నలభై అయిదు జులై రాత్రి గురించి
నా కాగితంలో రెండు వాక్యాలున్నాయి.
అమ్మమ్మ దగ్గర ఒక్కటీ లేదు.

పోయిన అక్టోబరులో పట్టుబట్టి ఆమెను పడవెక్కించాను.
తొంభై అయిదేళ్ళు, మోకాళ్ళ మీద దుప్పటి.
పొద్దు వాలే వేళకి బూర మోగింది,
ఓడల వెనక జెండాలు దిగాయి,
బూడిద రంగు ఇనుమంతా కాసేపు
దోరమామిడి రంగుకి తిరిగింది.
"ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అన్నాను అలవాటుగా.
బడిపిల్లలా చెయ్యెత్తింది.
"ఆ తాటినార తెరలు ఏమయ్యాయి?"

నా కాగితంలో లేదు.
ఫిరంగుల వ్యాసం ఉంది, ఇనుము బరువు ఉంది,
మునిగిన చోటు, మునిగినవాళ్ళ లెక్క ఉంది.
నార సంగతి లేదు.

"నాకు తెలుసులే" అంది,
మైకు అక్కర్లేని గొంతుతో.
"అంతా అయిపోయాక నాన్న ఒక మోపు ఎత్తుకొచ్చాడు.
అమ్మ దాన్ని కోసి గిన్నెలు తోమే పీచులు కట్టింది.
ఆస్ట్రేలియా సిపాయిల వంటింట్లో అమ్మింది.
గట్టి సరుకు.
ఎంత మసైనా వదిలేది."

తిరుగు రైల్లో మళ్ళీ కొండ వైపే.
"నువ్వు అటు కూర్చో. ఏముందో చెప్పు."
చెప్పాను.
ఆల్చిప్పలు పెంచే తెప్పలు, వరసగా.
ఒక పడవ, దాని దీపం.
గట్టు మీద ఎవరో గేలం చుట్టేస్తున్నాడు.
పోటు కాబోలు, నీళ్ళు దాదాపు పట్టాల దాకా ఉన్నాయి.
కళ్ళు మూసుకుని వింది.
"అంత దగ్గరగానా?" అంది.